మొహమాటానికి సంతకం పెట్టనివ్వని పిల్ల

బుల్లీ, ఇలా పిలిస్తే "ఏంటమ్మా" అంటూ లోపలి గదిలోంచి పలికేదానివి. ఇక పలకవని తెలుసు. తెలిసే పిలిచాను. ఈ ఒక్కసారికి నిన్ను పిలిచి, మిగతాదంతా చదివేవాళ్లకి చెప్తాను.

మా అమ్మాయి పోయి నెల దాటింది. మంగళవారం పొద్దున్న డిపార్టుమెంటులో కూర్చుని ఫైలు రాస్తూ రాస్తూ తల పట్టుకుందట. మెదడులో నరం చిట్లిందన్నారు. తను పనిచేసే ఆస్పత్రిలోనే, తనని రోజూ చూసే డాక్టర్లే చేయగలిగిందంతా చేశారు. మర్నాడు సాయంత్రానికి పోయింది. ముప్పై ఒక్క ఏళ్లు. నాకు ఫోను వచ్చేటప్పటికి కడియంలో, నేను పనిచేసే నర్సరీలో, మామిడి అంట్ల సంచులకి మట్టి నింపుతున్నాను. ఆ మట్టి చేతులతోనే బస్సెక్కాను.

తర్వాత తెలిసింది, వారం రోజులుగా తలనొప్పి అంటూనే ఉందని. పక్క కుర్చీ అమ్మాయితో అంది. నాతో అనలేదు. అందరి నోటా నిజం రాబట్టిన పిల్ల, తన తలనొప్పి మాత్రం కన్నతల్లికి చెప్పలేదు. దాని మీద నాకు కోపం వచ్చింది. ఇప్పుడూ ఉంది. ఉందని రాస్తే తప్పేమీ లేదు.

డిపార్టుమెంటువాళ్లు తన గుర్తుగా చిన్న పుస్తకం వేస్తున్నారు. పనిచేసేవాళ్లూ, వైద్యానికి వచ్చేవాళ్లూ అందరూ చదువుతారట. ఆ డిపార్టుమెంటు పెద్ద ప్రొఫెసరుగారు ఫోను చేసి నన్నూ రాయమన్నారు. "నేను అయిదో తరగతి దాకానే చదివానండి" అన్నాను. "మీ అమ్మాయి పేషెంట్ల కోసం తయారుచేసిన ప్రతి కాగితం ముందు మీ చేత చదివించుకునేదట కదమ్మా. మీకన్నా ఎవరు రాస్తారు?" అన్నారు. అది మాత్రం నిజం. అందుకే రాస్తున్నాను. తప్పు పోయిన చోట రుద్దలేదు. అడ్డంగా ఒక్క గీత గీసి, పక్కన మళ్లీ రాశాను. మా అమ్మాయి అలాగే చేసేది. కొట్టేసింది కూడా కనపడాలనేది.

తన ఉద్యోగం పేరు క్లినికల్ రీసెర్చి కోఆర్డినేటరు. నాకు నోరు తిరగడానికే ఆరు నెలలు పట్టింది. నర్సరీలో నాతో పనిచేసే ఆవిడ అడిగేది.

"మీ అమ్మాయి డాక్టరా వదినా?"

"కాదు."

"నర్సా?"

"కాదు."

"మరి?"

"డాక్టరుకీ పేషెంటుకీ మధ్యలో ఉంటుంది."

"మధ్యలో ఉండేవాళ్లని మా ఊళ్లో బ్రోకరంటారు."

ఇంటికొచ్చి ఆ మాట చెప్తే మా అమ్మాయి పడీ పడీ నవ్వింది. "బాగానే పట్టుకుందమ్మా ఆవిడ. కమీషను లేని బ్రోకర్నని చెప్పు" అంది.

నాకు అర్థమైనంతలో ఆ పని ఇదీ. బీపీ, షుగరు రెండూ ఉన్నవాళ్లకి గుండె పాడవకుండా ఒక కొత్త బిళ్ల పనికొస్తుందా లేదా అని అక్కడి డాక్టర్లు పరీక్ష చేస్తున్నారు. ఒప్పుకున్నవాళ్లకే ఇస్తారు. ఆ ఒప్పుకునేవాళ్లకి ముందుగా మంచీ చెడ్డా అన్నీ చెప్పడం, చెప్పాక సంతకం తీసుకోవడం, నెలనెలా పిలిచి రక్తం తీయించడం, ఎన్ని బిళ్లలు వేసుకున్నారో ఎన్ని మిగిలాయో చూడడం, వాళ్లు చెప్పింది చెప్పినట్టు ఫైల్లో రాయడం మా అమ్మాయి పని.

సంతకం పెట్టే కాగితం తెలుగులోనే ఉంటుంది, కానీ అదేం తెలుగో. నేను చిక్కుడుకాయలు ఒలుచుకుంటుంటే పీట వేసుకుని ఎదురుగా కూర్చుని చదివేది.

"వింటున్నావా అమ్మా?"

"ఊఁ."

"ఏం అర్థమైంది?"

"మంచిదే కదే."

"ఏది మంచిది?"

"నువ్వు చదివేది."

"చూశావా! నాకు నువ్వు ఊఁ కొట్టినట్టే వాళ్లూ కొడతారు. ఊఁ కొట్టించుకుని ఒంట్లోకి మందు ఎక్కించేయొచ్చా?" అనేది. అప్పుడు నేను చేతిలో చిక్కుడుకాయలు పక్కన పెట్టి, సరిగా వినేదాన్ని. అర్థం కాని మాట దగ్గర ఆగమనేదాన్ని. "స్వచ్ఛందంగా వైదొలగు హక్కు" అని ఒకచోట ఉంది. అదేంటన్నాను. చెప్పింది. "అయితే అలాగే రాయొచ్చు కదే" అన్నాను. "ఎలా?" అంది. "ఎప్పుడైనా సరే మానేస్తానని చెప్పొచ్చు. ఎందుకని ఎవరూ అడగరు. మీ వైద్యం ఆగదు." నేను చెప్పినట్టే రాసుకుంది. ఇలాంటి కాగితాలు సరిచూసే పెద్ద కమిటీవాళ్లు కూడా దాన్ని ఒప్పుకున్నారు. ఆ కాగితం ఇవాళ్టికీ ఆస్పత్రిలో ఉంది. అందులో ఆ మూడు మాటలూ నావి. ఇది గొప్పకి చెప్పడం కాదు, ముందుముందు అవసరం పడుతుందని చెప్తున్నాను.

మన గోదావరి జిల్లాలవాళ్లకి మర్యాద ఎక్కువ. ఎదుటి మనిషిని, అందులోనూ తెల్లకోటు వేసుకున్న మనిషిని కాదనలేరు. "ఎక్కడ పెట్టమంటారండి సంతకం?" అంటూ చదవకుండానే పెన్ను తీసుకుంటారు. మా అమ్మాయి పెన్ను ఇచ్చేది కాదు. "ఇంటికెళ్లి మీ ఆవిడతో, పిల్లలతో మాట్లాడుకుని రండి. వారం పోయాక వచ్చినా పరవాలేదు" అనేది. ఎవరైనా "చూద్దాం లెండి" అంటే, అది వద్దనడమేనని వాళ్ల పేరు పక్కన పెట్టేసేది. తోటివాళ్లు ఎగతాళి చేసేవారట, "అందరూ పేషెంట్లని తెస్తుంటే ఈవిడ వచ్చినవాళ్లని బస్సెక్కించి పంపుతుంది" అని. నాతో అంది: "మొహమాటానికి పెట్టింది సంతకం కాదమ్మా. అది నమస్కారం. నమస్కారాలు ఎన్ని పోగేస్తే ఏం లాభం?"

ఒక తాతగారి సంగతి చెప్పాలి. మా అమ్మాయి ఎవరి పేరూ ఇంట్లో చెప్పేది కాదు, ఊరు కూడా చెప్పేది కాదు. "ఒక తాతగారు" అనేది అంతే. ఆయనది కోరుకొండ అని ఆయనే మొన్న నాకు చెప్పారు. ఇదంతా రాయమని కూడా ఆయనే అన్నారు.

రక్తం తీసే రోజున ఏమీ తినకుండా రావాలి. ఒకసారి ఆయనకి షుగరు బాగా ఎక్కువ చూపించింది.

"తాతగారూ, ఏమీ తినకుండానే వచ్చారా?"

"ఆయ్. మంచినీళ్లు కూడా ముట్టలేదండి. పొద్దున్నే కొండెక్కి స్వామి ప్రసాదం పుచ్చుకున్నానంతేనండి."

"ఎంత పుచ్చుకున్నారు?"

ఆయన ఒక అరచెయ్యి చూపించి, మళ్లీ ఆలోచించుకుని రెండోది కూడా చూపించారట.

"చక్కెర పొంగలా?"

"పులిహోర కూడానండి."

"మరి తినలేదన్నారు?"

"అదేంటండి మేడమ్మా, ప్రసాదం తిండి కిందకొస్తుందా ఎక్కడైనా!"

ఇది చెప్పి మా అమ్మాయి నవ్వుతుంటే నేను అడిగాను, "మన గుళ్లో ఆదివారం ప్రభువు బల్ల దగ్గర తీసుకునే రొట్టెముక్క కూడా తిండేనా?" అని. "రక్తపరీక్షకొస్తే అది కూడా రాస్తాను, దేవుడైనా సరే, పాస్టరుగారైనా సరే" అంది. ఆ తర్వాత నుంచి ముందురోజు సాయంత్రం అందరికీ ఫోన్లు చేసేటప్పుడు ఒకటే పాట. "టీ కూడా తిండే. అరటిపండు కూడా తిండే. ప్రసాదం కూడా తిండే." మా వీధిలో పిల్లలకి కూడా అది నోటికొచ్చేసింది.

ఆ తాతగారే బిళ్లల షీట్లు నెలనెలా ఖాళీవి తెచ్చేవారు. నలగకుండా, రబ్బరుబ్యాండు వేసి. ఒక్క బిళ్ల మిగిలేది కాదు. అంత పద్ధతిగా వాడే మనిషి ఇంకొకరు లేరని మా అమ్మాయి మురిసిపోయేది. లెక్క సరిపోయిందని సంతకం పెట్టేది. మూడు నెలలు అలా పెట్టింది. నాలుగో నెల ఆయన గోడ పట్టుకుని నడిచి వచ్చారు. "కళ్లు తిరుగుతున్నాయా తాతగారూ?" అంటే "లేదండి, మెట్లెక్కాను కదండి" అన్నారు. మా అమ్మాయికి అనుమానం వచ్చింది. "ఇంటికి ఫోను చేసి అమ్మమ్మగారిని అడగనా?" అంటే, "అడగండి, దానికేం" అన్నారు. ఆవిడ ఫోన్లో ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది.

"ఆ బిళ్ల వేసుకుంటే తల తిరుగుతోందమ్మా ఈయనకి. నెలలో సగం రోజులు వేసుకోరు. మీ దగ్గరికి వచ్చే ముందురోజు మిగిలినవన్నీ కాలవలో పారేస్తారు. ఇదేం పనండీ అంటే, ఆ అమ్మాయి లెక్క తప్పకూడదే అంటారు."

చూశారా మర్యాద. తనకి తల తిరుగుతున్నా పరవాలేదు, లెక్క చూసే పిల్ల చిన్నబుచ్చుకోకూడదు. ఇలాంటి తప్పు మనవాళ్లే చేస్తారు.

మా అమ్మాయి ఆయన్ని కేకలెయ్యలేదు. "నా లెక్క తప్పితే నాకేం కాదు తాతగారూ. మీకు కళ్లు తిరిగితే రోడ్డు మీద పడిపోతారు" అంది. "చెప్తే మీకు మాటొస్తుందనండి" అన్నారాయన. "రానివ్వండి. మాట పడడానికే కదా నాకు కుర్చీ వేశారు" అంది.

ఆయనతో అలా అంది గానీ, సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా అరుగు మీద కూర్చుంది. మూడు నెలలు తను సరిపోయిందని సంతకం పెట్టిన లెక్క తప్పని ఇప్పుడు తనే రాసివ్వాలి. నేను అన్నాను. దాచుకోను, ఇలాగే అన్నాను.

"ఎవరికి తెలుసే? ఆయన చెప్పుకోరు, వాళ్లావిడ చెప్పుకోదు. నువ్వు ఊరుకుంటే అయిపోదా? ఉద్యోగం పోతే ఏం చేస్తావు?"

మా అమ్మాయి నాకేసి చూసింది. "ఆ బిళ్ల మంచిదని తేలితే రేపు ఊరూరా వాడతారమ్మా. నీకూ బీపీ ఉంది, నువ్వూ వాడతావు. తల తిరుగుతుందని ఎవరూ రాయకపోతే, మట్టి తట్ట నెత్తిన పెట్టుకుని నువ్వు పడతావు. అప్పుడు ఎవరిని అడగను?"

నేను లేచి లోపలికెళ్లి తనకి అన్నం వడ్డించాను.

మర్నాడు తనే వెళ్లి ప్రొఫెసరుగారికి చెప్పింది. ఆయన నాతో ఈమధ్య అన్నారు: "ఆరోజు నాకు విపరీతమైన కోపం వచ్చిందమ్మా. మూడు నెలల కాగితాలు, పైవాళ్లకి సంజాయిషీ. బాగా అరిచాను. నేను అరవడం అయ్యేదాకా నిలబడి, 'సార్, మిగతావాళ్లని కూడా మళ్లీ అడుగుదామా' అంది." అడిగారు. తల తిరుగుతున్నవాళ్లు ఇంకా చాలామంది బయటపడ్డారు. అందరూ మర్యాదకి దాచుకున్నవాళ్లే. పైవాళ్లకి రాశారు, పైవాళ్లు బిళ్ల మోతాదు మార్చారు. మా అమ్మాయి ఉద్యోగం పోలేదు. పోయినా తను అదే చేసి ఉండేది. ఆ సంగతిలో నాకు అనుమానం లేదు.

అప్పటి నుంచి తను అడిగే పద్ధతి మార్చుకుంది. "ఏమైనా ఇబ్బందిగా ఉందా?" అంటే మనవాళ్లు "అబ్బే, ఏం లేదండి" అంటారు. అందుకని, "ఈ నెలలో ఏ రోజు బాగోలేదు?" అనేది. అలా అడిగితే వేళ్లు మడిచి చెప్పేవారట, "అమావాస్య వెళ్లిన రెండోరోజునండి, గడ్డి కోస్తుంటేనండి" అని. నా దగ్గరా అదే అస్త్రం వేసేది. "అమ్మా, ఈ వారంలో బీపీ బిళ్ల ఏ రోజు మర్చిపోయావు?" అనేది. అబద్ధం ఆడడానికి సందుండేది కాదు.

ఒక్క భయం మాత్రం ఉండేది తనకి. ఒకసారి బట్టలు మడతపెడుతూ అంది: "వాళ్లంతా నన్ను చూసి వస్తున్నారేమోనమ్మా. పిల్ల మంచిది, కాదంటే బాధపడుతుందని వస్తే, అది కూడా మొహమాటమే కదా. ఈ ఉద్యోగంలో మరీ మంచిగా ఉండకూడదేమో." నేను, "చాల్లే, మంచిగా ఉండడానికి కూడా భయమేనా?" అన్నాను. అప్పుడు నాకు ఆ మాట బోధపడలేదు.

తను పోయిన మూడో వారంలో ప్రొఫెసరుగారు మా ఇంటికి వచ్చారు. మా అమ్మాయి చూసే మనుషుల్లో సగం మంది ఈ నెల రాలేదట. ఫోను చేస్తే, "ఆ అమ్మాయి లేదు కదండీ" అని కొందరు, "చూద్దాం లెండి" అని కొందరు. "మీరొక్కసారి వచ్చి కనిపిస్తే వాళ్లు ఆగుతారమ్మా. లేకపోతే నాలుగేళ్లుగా ఆ పిల్ల రాసిందంతా ఎందుకూ పనికిరాకుండా పోతుంది" అన్నారు.

నేను వెంటనే వస్తానన్నాను. ఎందుకు అననూ? నా పిల్ల చేతిరాత ఆ ఫైళ్లలో ఉంది. అది వృథా పోకూడదు. ఆ మనుషుల్లో ఒక్కరు కూడా మానేయకూడదు. బస్సులో వెళ్తున్నంతసేపూ నాకు అదే కోరిక.

నేను వస్తున్నానని ఫోన్లు చేస్తే అందరూ వచ్చారు. పొద్దున్నే ఏమీ తినకుండా, వరండాలో బల్లల మీద వరసగా కూర్చుని ఉన్నారు. మా అమ్మాయి కుర్చీలో కొత్తమ్మాయి ఉంది, పాపం బెరుగ్గా. నన్ను చూసి ఆడవాళ్లు ఏడ్చారు. నా చేతులు పట్టుకున్నారు. "మీ కోసం వస్తామమ్మా" అన్నారు. "బిడ్డని పోగొట్టుకుని ఇంత దూరం వచ్చారు, మీ మొహం చూసి ఎలా కాదంటామండి" అన్నారు. నాకు కడుపు నిండినట్టయింది. ప్రొఫెసరుగారి మొహంలో కూడా వెలుగు కనిపించింది. అయితే అంతలోనే నాకు ఆ మాట చెవిలో గుచ్చుకుంది. మీ మొహం చూసి. మా అమ్మాయి నాలుగేళ్లు దేనితో పోట్లాడిందో, దాన్నే నేను పళ్లెంలో పెట్టుకుని తెచ్చి అందరికీ పంచుతున్నాను.

లేచి నిలబడ్డాను. నాకు చదువు లేదు గానీ, నర్సరీలో లారీని వెనక్కి తీయించే గొంతు ఉంది.

"అందరూ ఒకసారి వినండి. మీరు సంతకం పెట్టిన కాగితంలో ఒకటి ఉంది, అది రాయించింది నేనే. ఎప్పుడైనా సరే మానేస్తానని చెప్పొచ్చు. ఎందుకని ఎవరూ అడగరు. మీ వైద్యం ఆగదు. నన్ను చూసి మొహమాటపడకండి. నా కూతురు పోయింది. మీరు వస్తే తిరిగిరాదు, మానేస్తే మళ్లీ పోదు. మీకు ఇష్టమైతేనే ఉండండి."

ప్రొఫెసరుగారు నేలకేసి చూస్తున్నారు. ఆయన్ని ఇబ్బందిలో పెట్టానని తెలుసు. అయినా వెనక్కి తీసుకోలేదు.

చివర బల్ల మీంచి పంచె కట్టుకున్న ఒక పెద్దాయన లేచారు. ఆయనే తాతగారని అప్పుడే తెలిసింది నాకు.

"అమ్మా, నాది కోరుకొండండి. నేను మానేస్తానండి."

పక్కన కూర్చున్న పేషెంటు ఒకావిడ ఆయన కండువా పట్టి లాగింది. "ఏంటండీ బాబూ, పిల్ల తల్లి ముందా ఈ మాట!"

"ఆవిడే కదండీ చెప్పమన్నారు." ఆయన నాకేసి తిరిగారు. "మీ అమ్మాయి ఉండగానే మానేద్దామనుకున్నానండి. రెండు బస్సులు మారాలి. మోకాళ్లు పట్టేస్తున్నాయి. ఆ పిల్ల మొహం చూసి అనలేకపోయాను. నాలుగుసార్లు అనబోయి మింగేశాను. ఇప్పుడు అంటున్నానండి. వద్దండి నాకు."

నొప్పి వెయ్యలేదంటే అబద్ధం. కానీ నొప్పి వెనకే ఇంకొకటి వచ్చింది. కాలవలో బిళ్లలు పారబోసుకున్న మనిషి, కూతురు పోయిన తల్లి కళ్లలోకి చూసి వద్దనగలిగాడు. మా అమ్మాయి ఉంటే ఆరోజు ఇంటికొచ్చి నాకు ఇదే ముందు చెప్పేది.

కొత్తమ్మాయి ఫైలు తీసింది. ఎందుకని అడగలేదు. మంచి పిల్ల, నేర్చుకుంటుంది. మామూలు బీపీ మందులు వాళ్ల ఊరి దగ్గరి ఆస్పత్రిలోనే తీసుకోవచ్చని ప్రొఫెసరుగారు ఆయనకి చీటీ రాసిచ్చారు. ఇంకో ఇద్దరు కూడా లేచి మానేస్తామన్నారు. మిగతావాళ్లు ఉంటామన్నారు. "నిజంగానేనా?" అని ఒక్కొక్కరినీ అడిగాను. కండువా లాగిన ఆవిడ, "నిజమేనండి బాబూ, మా తోడికోడలు గుండెతో పోయింది. ఈ బిళ్ల సంగతేదో తేలాలి. మీ కోసం కాదు, చాలా?" అంది. చాలన్నాను.

తాతగారు ఇంకా వెళ్లలేదు. కొత్తమ్మాయి దగ్గరికి వచ్చి మెల్లిగా అడిగారు.

"మరి నాకు ఇవాళ రక్తం తియ్యరా అండి?"

"అక్కర్లేదు తాతగారూ."

"అయితే తినొచ్చాండి?"

తినొచ్చంది. ఆయన బల్ల మీద తీరిగ్గా మఠం వేసుకుని కూర్చుని, గుడ్డసంచిలోంచి స్టీలు డబ్బా తీశారు. అందులో మినపరొట్టె, మందంగా, అడుగు ఎర్రగా కాలింది. పక్కన ఆవకాయ. రక్తం ఇవ్వాల్సిన వాళ్లంతా ఆకలి మీద ఉన్నారు. "మా ముందే తింటారేంటండీ, కాస్త అటు తిరగండి" అని ఎవరో అన్నారు, అందరూ నవ్వారు. ఆయన తిరగలేదు. ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేదు. రొట్టె అంచు విరిస్తే కరకరమన్న చప్పుడు వరండా అంతా వినిపించింది. చివరి ముక్క దాకా అలా నిమ్మళంగా తింటూనే ఉన్నారు, నేను చూస్తూనే ఉన్నాను.

ఇంతసేపూ ఓపిగ్గా చదివారు. ఇక లేచి, మీరూ కడుపునిండా తినండి.